మగకుక్కకి వృషణాలు తీసే ఆపరేషన్ తర్వాత కూడా ఇంట్లో మార్కింగ్ ఆగకపోతే

మగకుక్క కాలెత్తి సోఫా కాలికో గోడ మూలకో నాలుగు చుక్కలు వదిలితే అది మార్కింగ్. నేల మీద మడుగు కడుతుంటే, మాటిమాటికీ పోస్తుంటే ముందు మూత్ర పరీక్ష చేయించండి. ఇన్ఫెక్షన్ ఉంటే శిక్షణ పనిచేయదు.

వృషణాలు తీశాక టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) త్వరగానే పడిపోతుంది, అలవాటు తగ్గడానికి మాత్రం వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. చాలా కుక్కల్లో తగ్గుతుంది, పూర్తిగా ఆగేది కొన్నింటిలోనే. భయంతో చేసే మార్కింగ్‌కి ఆపరేషన్ మందు కాదు.

నాకు అసలు తేడా కనిపించింది శుభ్రం చేసే తీరు మార్చాకే. తడిని బట్టతో అద్ది తీసి, మామూలు నీళ్లతో కడిగి, మూత్రపు వాసనని విడగొట్టి పోగొట్టే ఎంజైమ్ క్లీనర్‌ని మరక కంటే వెడల్పుగా పోసి, 15 నిమిషాలైనా ఉంచి, దానంతట అదే ఆరనివ్వాలి. పరుపులోకి ఇంకితే పైపైన చల్లడం దండగ. మూత్రం దిగినంత లోతుకీ క్లీనర్ దిగాలి. ముందే ఫినాయిల్ వాడితే ఎంజైమ్ దెబ్బతింటుంది. అమ్మోనియా ఉన్నవి అసలు వద్దు, ఆ వాసన మూత్రాన్నే గుర్తుచేస్తుంది.

ఇంట్లోనూ కొన్నాళ్లు లీష్ ఉంచండి. వాసన చూస్తూ కాలెత్తబోతే పిలిచి బయటికి తీసుకెళ్లండి, అక్కడ పోసిన క్షణంలోనే ట్రీట్ ఇవ్వండి. దయచేసి కొట్టకండి, చాటుగా చేయడం నేర్చుకుంటుంది. బెల్లీ బ్యాండ్ (కుక్క నడుముకి చుట్టే, మూత్రం పీల్చే పట్టీ) సామాను కాపాడుతుందంతే. తడిసిన వెంటనే మార్చకపోతే చర్మం పాడవుతుంది.