పని చోట నాయకత్వం – 3వ పాఠం: సమావేశంలో మన మాట చెల్లాలంటే

గత పాఠంలో, వారం చివర కొంత సమయం కేటాయించి ఆ వారం చేసిన పనిని, దాని ఫలితాన్ని అంకెలతో సహా ఒక పుస్తకంలో రాసుకొనే అలవాటు గురించి చెప్పుకొన్నాం. ఈ పాఠం చదివేటప్పుడు ఆ పుస్తకాన్ని దగ్గర పెట్టుకోండి, ఎందుకంటే సమావేశంలో చెప్పవలసిన మాట అందులో నుంచే రావాలి. పని బాగా వచ్చిన ఉద్యోగినులలో చాలామందికి ఎదురయ్యే చిక్కు ఇది: తన సీటు దగ్గర అన్నీ క్షుణ్ణంగా తెలిసిన ఆమె రివ్యూ మీటింగులో పై అధికారి అడిగితే తప్ప నోరు విప్పదు; విప్పినా ఎవరో ఒకరు మధ్యలో అందుకొంటారు; లేదా కాసేపటికి అదే మాట మరొకరి నోట వచ్చినప్పుడు అందరూ తలలు ఊపుతారు. పదోన్నతుల గురించి నిర్ణయించేవారు మన పనిని రోజూ చూడరు, ఆ గంటసేపు మాత్రమే మనల్ని చూస్తారు. అందుచేత సమావేశంలో మాట్లాడటాన్ని పుట్టుకతో వచ్చే చొరవగా కాక, సాధనతో అబ్బే పనితనంగా భావించి ఈ పాఠం మొదలుపెట్టమని కోరుతున్నాను.

మాట తెగిపోవడం మీ ఒక్కరి అనుభవం కాదు

అమెరికా సుప్రీంకోర్టులో వాదనలు జరిగేటప్పుడు న్యాయమూర్తులు ఎవరి మాటకు ఎవరు ఎన్నిసార్లు అడ్డువస్తున్నారో, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు న్యాయశాస్త్ర పరిశోధకులు పాత నమోదులను పరిశీలించి 2017లో ప్రకటించారు. దేశంలోకెల్లా అత్యున్నత న్యాయపీఠం మీద కూర్చున్న మహిళలకు సైతం, పురుష న్యాయమూర్తులతో పోలిస్తే సుమారు మూడు రెట్లు ఎక్కువగా మాట తెగిపోతున్నదని అందులో తేలింది. హోదా వస్తే ఈ ఇబ్బంది దానంతట అదే తొలగిపోతుందని ఆశించేవారు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

ఆ పరిశోధనలో మనకు నేరుగా ఉపయోగపడే మరో అంశం ఉంది. మహిళా న్యాయమూర్తులు పీఠం ఎక్కిన తొలి రోజులలో "క్షమించండి", "ఒక ప్రశ్న అడగవచ్చా" వంటి మర్యాద మాటలతో మొదలుపెట్టేవారు. ఆ ఉపోద్ఘాతం పూర్తయ్యేలోపే మరొకరు అందుకొనేవారు. కాలక్రమంలో వారు ఆ ముందుమాటలు తగ్గించి నేరుగా ప్రశ్నలోకి వెళ్లడం నేర్చుకొన్నారు. మన కార్యాలయాలలో "సారీ సర్, ఒక్క మాట" అన్నది సరిగ్గా అదే పని చేస్తుంది. అది వినయాన్ని తెలుపుతుందని మనం అనుకొంటాం గానీ, వినేవారికి అది మన మాటలోకి దూరడానికి దొరికిన సందు మాత్రమే.

మాటను ముందే కూర్చుకోవడం

ఒక ఉదాహరణ తీసుకొందాం. ఒక బ్యాంకు శాఖలో స్వయం సహాయక సంఘాల రుణాలు చూసే అధికారిణి ఉన్నారనుకోండి. ప్రాంతీయ కార్యాలయం నుంచి వచ్చిన అధికారి సమక్షంలో నెలవారీ సమీక్ష జరుగుతోంది. రెన్యువల్‌కు వచ్చిన దరఖాస్తులు పదే పదే వెనక్కి వెళ్లడం, వీఓఏలు (గ్రామ సంఘాల సహాయకులు) సంఘ సభ్యులను వెంటబెట్టుకొని రెండు మూడు సార్లు బ్యాంకుకు తిరగవలసి రావడం ఆమె కళ్లారా చూస్తున్న సమస్య. దానిని ఆమె ఇలా చెప్పారనుకోండి:

"సారీ సర్, ఇది ఇప్పుడు చెప్పవచ్చో లేదో తెలియదు గానీ, సంఘాల రెన్యువల్స్ విషయంలో కొంచెం ఇబ్బంది అవుతున్నట్టుంది, మనం ఏమైనా చేయగలిగితే బాగుంటుందేమో అనిపిస్తోంది."

ఇందులో అబద్ధం ఏమీ లేదు, అమర్యాద అసలే లేదు. అయినా ఈ వాక్యం విన్న అధికారి చేయగలిగినదల్లా "చూద్దాం మేడమ్" అనడమే. ఆయన చేత నిర్ణయం చేయించేది ఏదీ ఇందులో లేదు. ఇప్పుడు అదే సమస్యను మరో విధంగా చూడండి:

"సర్, సంఘాల రెన్యువల్‌పై నాది ఒక ప్రతిపాదన ఉందండి. గత నెల మనకు వచ్చిన 42 దరఖాస్తులలో 17 వెనక్కి పంపాం. ఆ 17లో 11 కేవలం సంఘ తీర్మానం ప్రతి జత చేయకపోవడం వల్ల ఆగాయి. ప్రతి మంగళవారం ఉదయం 10 నుంచి 12 వరకు కాగితాలు ముందుగా సరిచూసే ఏర్పాటు చేస్తే ఇవి తగ్గుతాయి. ఆ పని నేను చూసుకొంటాను. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మొదలుపెట్టడానికి మీ అనుమతి కావాలి."

మర్యాద ఎక్కడా తగ్గలేదు. "సర్", "అండి", "మీ అనుమతి" అన్నీ ఉన్నాయి. తెలుగులో గౌరవాన్ని పిలుపూ క్రియా రూపమూ మోస్తాయి కాబట్టి, దాని కోసం విషయాన్ని పలచన చేయవలసిన అవసరం లేదు. "ఏమో", "అనిపిస్తోంది", "ఏమైనా చేయగలిగితే" అన్నవి గౌరవ సూచకాలు కావు. మన మాటకు మనమే పూచీ పడటం లేదని తెలిపే గుర్తులు.

రెండవ ప్రతిపాదనలో ఏమి జరిగిందో, ఎందువల్ల జరిగిందో, ఏమి చేయాలో, ఎవరు చేస్తారో, వినేవారి నుంచి ఏమి కావాలో వరుసగా వచ్చాయి. చెప్పడానికి అర నిమిషం మించదు. ఈ చివరి అంశాన్ని, అంటే వినేవారు ఇప్పుడు ఏమి చేయాలన్నది, మనలో చాలామంది వదిలేస్తారు. సమస్యను అంత వివరంగా చెప్పాక పరిష్కారం పెద్దలే చెబుతారులే అని ఊరుకొంటారు. నాయకత్వం మొదలయ్యేది ఆ వాక్యం దగ్గరేనని నా గట్టి నమ్మకం. అంకెల విషయంలో కూడా జాగ్రత్త అవసరం: పుస్తకంలో ఇరవై అంకెలు ఉన్నా రెండు మూడింటికి మించి బయటికి తీయవద్దు, మిగిలినవి ఎవరైనా ప్రశ్నిస్తే జవాబుగా పనికివస్తాయి.

కోరిక ఎంత స్పష్టంగా, ఎంత చిన్నదిగా ఉంటే అది నెగ్గే అవకాశం అంత పెరుగుతుందనడానికి మన రాజ్యాంగ సభ చరిత్రలోనే నిదర్శనం ఉంది. ఇప్పుడు రాజ్యసభగా పిలుస్తున్న సభలో సభ్యత్వానికి కనీస వయస్సు 35 ఏళ్లు ఉండాలన్న ముసాయిదా 1949 మే నెలలో చర్చకు వచ్చినప్పుడు, రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దానిని 30కి తగ్గించాలని సవరణ ప్రతిపాదించారు. ఆమె అడిగినది ఒక్క అంకె మార్పు. సభ దానికి సమ్మతించింది; నేటికీ ఆ వయస్సు 30 ఏళ్లే. పురుషులు అత్యధికంగా ఉన్న ఆ సభలో ఆమె యువతరం సామర్థ్యం గురించి ఎంత ధారాళంగా మాట్లాడినా, ఆ అంకె లేకపోతే సభ ఓటు వేయవలసినది ఏదీ ఉండేది కాదు.

సమావేశానికి ముందు చేయవలసిన పని మరొకటి ఉంది. చాలా కార్యాలయాలలో అసలు నిర్ణయం టీ కొట్టు దగ్గరో, సాయంత్రం కారు ప్రయాణంలోనో ముందే అయిపోతుంది, ఆ ముచ్చట్లలో ఉద్యోగినులకు చోటు ఉండదు. దీనికి చింతించి లాభం లేదు. సమావేశానికి ఒక రోజు ముందు, ఆ విషయంలో మాట చెల్లే ఒకరిద్దరిని మీరే కలిసి, ప్రతిపాదనను చెప్పి, వారి అభ్యంతరం ఏమిటో కనుక్కోండి. పై ఉదాహరణలో అయితే శాఖ మేనేజరు "మంగళవారం కౌంటరులో మనిషి తక్కువ" అనవచ్చు. ఆ సంగతి ముందు రోజే తెలిస్తే బుధవారానికి మార్చుకోవచ్చు. పది మందిలో తెలిస్తే ప్రతిపాదన అక్కడికక్కడే పడిపోతుంది.

ఎవరైనా అడ్డువచ్చినప్పుడు

అడ్డువచ్చిన ప్రతిసారీ కోపం అక్కరలేదు. ఉత్సాహం కొద్దీ మాట కలిపేవారూ ఉంటారు. అయితే మౌనంగా వెనక్కి తగ్గడం మాత్రం ఎప్పుడూ తగదు, ఎందుకంటే మొదటిసారి తగ్గినవారికి రెండవసారి అడ్డురావడం ఎదుటివారికి అలవాటైపోతుంది. గొంతు పెంచకుండా, వేగం పెంచకుండా, "ఇంకా ఒక్క అంకె మిగిలింది సర్, అది చెప్పి ముగిస్తాను" అని వెంటనే కొనసాగించండి. ఎంత మిగిలిందో చెప్పినప్పుడు వినేవారు ఆగుతారు. "నన్ను మాట్లాడనివ్వండి" అంటే చర్చ విషయం మీద నుంచి మన మీదికి మళ్లుతుంది. అధ్యక్షత వహించేవారినే ఉద్దేశించి చెప్పడం మరింత మంచిది, ఎందుకంటే సభ క్రమం వారి బాధ్యత.

మీరు చెప్పినదే మరొకరు తమ మాటగా చెప్పినప్పుడు, "నేను ముందే చెప్పాను కదా" అనే వాక్యం నిజమైనా పనికిరాదు. దాని బదులు ఆ మాటను అందుకొని ముందుకు నడిపించండి: "నేను ఇందాక ప్రతిపాదించిన మంగళవారం ఏర్పాటుకు సర్ కూడా మద్దతు ఇవ్వడం సంతోషం. అయితే ఒకటో తారీఖు నుంచి మొదలుపెడతాను." ఇందులో ప్రతిపాదన ఎవరిదో నమోదైంది, మద్దతు ఇచ్చినవారికి గౌరవం దక్కింది, బాధ్యత మీ చేతికి వచ్చింది.

ఈ పనిని ఒక్కరు చేయడం కంటే ఇద్దరు ముగ్గురు కలిసి చేయడం ఎంతో సులభం. ఒబామా తొలి విడత పాలనలో వైట్‌హౌస్‌లోని మహిళా సిబ్బంది పాటించిన పద్ధతిని వాషింగ్టన్ పోస్ట్ పత్రిక 2016లో వివరించింది. ఒక మహిళ ముఖ్యమైన మాట చెప్పగానే, మరొక మహిళ ఆమె పేరు ప్రస్తావిస్తూ ఆ మాటను తిరిగి చెప్పేది. దానితో ఆ మాటను పట్టించుకోకుండా ఉండటం గానీ, తమదిగా చెప్పుకోవడం గానీ ఇతరులకు కష్టమైంది. మీ కార్యాలయంలోని సహోద్యోగినితో, అర్థం చేసుకొనే సహోద్యోగితోనూ, ఇటువంటి ఒప్పందం ఈ వారమే చేసుకోండి. పేరు పెట్టి చెప్పడం ఇందులో ముఖ్యం. "ఇందాక మేడమ్ అన్నట్టు" అంటే ఏ మేడమో ఎవరికీ గుర్తుండదు.

ఇక్కడే ఒక చిన్న విషయం. సమావేశాలలో పురుషులను "గారు" అని పిలుస్తూ, అదే హోదాలో ఉన్న మహిళను "ఏమ్మా" అని పిలిచే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. చాలాసార్లు అందులో ఆప్యాయతే ఉంటుంది. కానీ అందరి ముందు అది హోదాను తగ్గిస్తుంది. దానిని సభలో కాక, తరువాత విడిగా ఆ పెద్దాయనతో, "సర్, మీటింగులో నన్ను కూడా అందరినీ పిలిచినట్టే పిలిస్తే బాగుంటుంది" అని చెప్పండి.

మాట తీరుతో సరిదిద్దలేని ప్రవర్తన కూడా ఉంటుంది. లైంగికమైన వ్యాఖ్యలు, సైగలు ఈ పాఠం పరిధిలోకి రావు. అవి పని చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం పరిధిలోకి వస్తాయి. పది మంది లేదా అంతకు మించి ఉద్యోగులు ఉన్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి, దానికి సీనియర్ ఉద్యోగిని అధ్యక్షురాలిగా ఉండాలి, ఘటన జరిగిన మూడు నెలలలోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. మీ సంస్థలో ఆ కమిటీ సభ్యులు ఎవరో తెలుసుకొని పెట్టుకోండి.

మినిట్స్ ఎవరు రాయాలి

సమావేశంలో ఒక్క మహిళే ఉంటే టీలు చెప్పించే పనీ, మినిట్స్ రాసే పనీ ఆమె మీదే పడటం సర్వసాధారణం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. టీ సంగతి వంతులవారీగా చూసుకొందామని నవ్వుతూ చెప్పి వదిలించుకోండి. మినిట్స్ మాత్రం అప్పుడప్పుడు కోరి తీసుకోండి, ఎందుకంటే ఏ నిర్ణయం జరిగింది, ఎవరి ప్రతిపాదన, ఎవరి బాధ్యత, ఏ గడువు అన్నది అందులో ఉన్నదే నిలుస్తుంది. అయితే రాస్తూ కూర్చుంటే మాట్లాడటం కుదరదు. మీ ప్రతిపాదన ఉన్న రోజున ఆ పని వేరొకరికి అప్పగించమని ముందే అడగండి.

మీరే అధ్యక్షత వహించే రోజు

అమెరికా సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో వాదనల పద్ధతిని మార్చి, స్వేచ్ఛగా ప్రశ్నించే సమయం ముగిశాక న్యాయమూర్తులందరికీ సీనియారిటీ వరుసలో ప్రశ్నించే వంతు కల్పించింది. మహిళల మాట తెగిపోతున్నదన్న పరిశోధనలు కూడా ఆ మార్పుకు కొంత కారణమని న్యాయమూర్తి సోనియా సోటోమేయర్ చెప్పారు. ఒక్కొక్కరూ తమ మాటను కాపాడుకోవడం నేర్చుకోవడం ఒక ఎత్తు, ఎవరి మాటా తెగిపోని పద్ధతిని నెలకొల్పడం మరో ఎత్తు. రెండవది అధ్యక్ష స్థానంలో ఉన్నవారి చేతిలో పని. మీ బృందంలో వంతుల వరుసను తిరగవేసి, అందరికంటే జూనియర్‌తో మొదలుపెట్టండి. పెద్దలు ముందు మాట్లాడితే చిన్నవారు అదే అభిప్రాయానికి సర్దుకొంటారు. సాయంత్రం ఆరు దాటాక సమావేశం పెట్టవద్దు. పిల్లలను బడి నుంచి తెచ్చుకోవలసినవారు ఆ వేళ నోరు విప్పే స్థితిలో ఉండరు.

వయస్సులో మీకంటే పెద్దవారైన పురుషులు మీ కింద పనిచేస్తున్నప్పుడు పని చెప్పడానికి జంకు కలగడం సహజం. పిలుపులో గౌరవాన్నీ గడువులో స్పష్టతనూ కలపండి: "మీరు ఈ జాబితా గురువారం సాయంత్రం 4 గంటలకల్లా నాకు పంపించాలండి. వీలు కాకపోతే బుధవారమే చెప్పండి." "వీలున్నప్పుడు చూడండి" అనే మాట మాత్రం అనవద్దు, తరువాత అడగడానికి మీకే ఆధారం ఉండదు.

ఈ వారం అభ్యాసం

మీ పుస్తకంలో నుంచి ఒక సమస్యను ఎంచుకొని, పై ఉదాహరణ తీరులో ఆరు వాక్యాలు మించకుండా ప్రతిపాదనగా రాయండి. దానిని ఫోనులో రికార్డు చేసి వినండి. "సారీ", "ఏమో", "అనిపిస్తోంది" వినబడిన చోట వాక్యాన్ని తిరిగి రాసి, మళ్లీ రికార్డు చేయండి. ఆ తరువాత ఒక సహోద్యోగికి వినిపించి, తాను పై అధికారి అయితే ఏ అభ్యంతరం చెబుతారో అడిగి రాసుకోండి. రాబోయే సమావేశంలో దానిని చెప్పి, ఏమి జరిగిందో, ఎవరు అడ్డువచ్చారో, మినిట్స్‌లో ఏమని నమోదైందో అదే రోజు పుస్తకంలో ఎక్కించండి. తరువాతి పాఠం పని అప్పగించడం గురించి. అందులో ఈ నమోదులోని చివరి అంశం, అంటే ఎవరి పేరు మీద ఏ బాధ్యత పడిందన్నది, మనకు మొదటి వరుసగా అవసరమవుతుంది.