ఇంట్లో లినక్స్ – 7వ పాఠం: పెన్‌డ్రైవు గుచ్చగానే తెరుచుకోవాలంటే

పోయిన పాఠం చదివి, డ్రైవు దానంతటదే తెరుచుకునేలా ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో ఒక వరుస చేర్చాక పలాస నుంచి, రాజాం నుంచి, విజయనగరం నుంచి ఒకే కబురు: కంప్యూటర్ ఆన్ చేస్తే నల్లతెర మీద 'ఎమర్జెన్సీ మోడ్' అని వచ్చి ఆగిపోతోందట. ముందు ఆ చిక్కు విప్పుదాం.

రూట్ (అన్ని హక్కులూ ఉన్న యూజరు) పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వండి, ఎంటర్ నొక్కమంటే నొక్కండి. ఈటీసీ ఫోల్డరులోని ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలును (ఏ డ్రైవు ఏ ఫోల్డరులో తెరుచుకోవాలో చెప్పే పట్టిక ఇది) నానో అనే ఎడిటరులో తెరిచి, మీరు చేర్చిన వరుసకు ముందు # పెట్టి రీబూట్ చేయండి. డేటా భద్రంగానే ఉంది. ఆ వరుసలోని డ్రైవు కోసం సిస్టమ్‌డి (లినక్స్‌ను మొదలుపెట్టించే ప్రోగ్రాము) 90 సెకన్లు ఎదురుచూసి, అది కనిపించక బూటింగు ఆపేసింది, అంతే. వరుసలో 'నోఫెయిల్' (డ్రైవు లేకున్నా ముందుకు సాగు) అని ఉంటే ఆగేది కాదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మరొకటి. దాదాపు అందరూ డ్రైవు పేరు 'ఎస్‌డీబీ1' అని రాశారు. దయచేసి అలా రాయకండి! అది డ్రైవుకు సొంత పేరు కాదు, కెర్నల్‌కు (లినక్స్ గుండెకాయకు) కనబడిన క్రమంలో దక్కిన అక్షరం. విజయనగరంలో ఒక ఫొటో స్టూడియో అనుకోండి. ఉదయం బ్యాకప్ డిస్కు ముందు గుచ్చారు, అది ఎస్‌డీబీ. సిరిమానోత్సవం రాత్రి హడావిడిలో కెమెరా కార్డు ముందు గుచ్చారు, ఇప్పుడు అదే ఎస్‌డీబీ. బ్యాకప్ స్క్రిప్టుకు (నకళ్లు తీసే చిన్న ప్రోగ్రాముకు) ఈ తేడా తెలియదు, కార్డునే బ్యాకప్ డిస్కు అనుకుంటుంది. డిస్కులో అంతకుముందున్నవి తుడిచే ఆప్షన్ కూడా అందులో ఉంటే, ఉత్సవం ఫొటోలన్నీ ఆ రాత్రే పోతాయి. పలాస జీడిపప్పు వ్యాపారి లెక్కల పెన్‌డ్రైవుకైనా ఇదే ముప్పు.

కాబట్టి ఎస్‌డీబీ1 బదులు యూయూఐడీ, అంటే ఫార్మాట్ చేసినప్పుడు డ్రైవుకు దక్కే సొంత గుర్తింపు సంఖ్య, రాయండి. ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండుకు -ఎఫ్ చేరిస్తే చూపిస్తుంది. ఎక్స్‌టీ4 (లినక్స్ ఫార్మాట్) డిస్కుకు పొడవుగా ఉంటుంది, ఎఫ్‌ఏటీ32 (పెన్‌డ్రైవుల్లో మామూలుగా ఉండే ఫార్మాట్) పెన్‌డ్రైవుకు హైఫన్‌తో కలిపిన రెండు నాలుగక్షరాల ముక్కలే. ఫార్మాట్ చేస్తే మాత్రం మారిపోతుంది. ఎఫ్‌ఏటీలో యజమాని వివరం ఉండదు కనుక యూఐడీ=1000 (సాధారణంగా మొదటి యూజరు నంబరు) కూడా చేర్చండి. లేకపోతే ఫైళ్లన్నీ రూట్ పేరున ఉండి మీరు రాయలేరు.

ఇదంతా ఎప్పుడూ ఒకే చోట ఉండే బ్యాకప్ డిస్కుకే. దానికి నేను నోఫెయిల్ పక్కన ఎక్స్-సిస్టమ్‌డి.ఆటోమౌంట్ కూడా పెడతాను. ఆ ఫోల్డరు తెరిచినప్పుడే డిస్కు మౌంట్ అవుతుంది, అంటే ఆ ఫోల్డరుకు జతపడుతుంది.

చేతులు మారే పెన్‌డ్రైవులకు ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అసలు ముట్టుకోకండి. డెస్క్‌టాప్ గ్నోమ్ అయితే గుచ్చగానే మౌంట్ చేసే పని దానంతటదే జరుగుతుంది. కేడీఈ డెస్క్‌టాప్‌లో సెట్టింగుల్లో టిక్ పెట్టాలి. ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌కు థునార్-వాల్‌మ్యాన్, పూర్తి డెస్క్‌టాప్ లేని ఉత్త విండో మేనేజరుకు యుడిస్కీ అనే ప్రోగ్రాములు ఆ పని చేస్తాయి. పాత కంప్యూటర్లకు నేను ఎక్స్‌ఎఫ్‌సీఈనే పెడతాను.

అభ్యాసం: బ్యాకప్ డిస్కుకు యూయూఐడీతో వరుస రాయండి. రీబూట్‌కు ముందు ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌ను సరిచూసే ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై కమాండు నడిపి తప్పులు దిద్దుకోండి. తర్వాత డిస్కు తీసేసి ఒకసారి, మరో పెన్‌డ్రైవు ముందు గుచ్చి ఒకసారి, రెండూ గుచ్చి ఒకసారి బూట్ చేయండి. మూడుసార్లూ ఏ ఫోల్డరులో ఏ డ్రైవు తెరుచుకుందో కాగితం మీద రాసి ఉంచండి. వచ్చే పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.