తోట కాపలా కుక్కల కోసం వెళ్తున్నారా? ముందు తాతతో మాట్లాడండి

బెంగళూరు పక్కన హోసకోట దాటి మాలూరు వైపు వెళ్తే తోట గేట్ల దగ్గర, ఇటుక బట్టీల దగ్గర కట్టేసిన కుక్కలు చాలా కనిపిస్తాయి. వాటి బాగోగులు చూడటానికి సెలవు రోజుల్లో బెంగళూరు వైట్‌ఫీల్డ్ నుంచి స్కూటర్ మీద అటు వెళ్తుంటాను. అక్కడ చాలా ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు కాబట్టి నాకు పని కాస్త తేలికైంది. మీరూ ఈ పని మొదలుపెట్టాలనుకుంటే, నేరుగా కుక్క దగ్గరికి పోకండి. యజమానితో మాట్లాడండి. మనం వచ్చేశాక దానికి ముద్ద పెట్టేది ఆయనే.

ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను అసలు తిప్పకపోవడం, తిండీ నీళ్ళూ సరిగా పెట్టకపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరమే. కానీ మొదటి రోజే ఆ చట్టం ఎత్తారంటే రెండోసారి గేటు తీయరు.

ఒక ద్రాక్షతోట తాతను గొలుసు విప్పమని అడిగితే, "విప్పితే పక్కోళ్ళ కోళ్ళను పడతాది పాపా, దుడ్లు నేను కట్టాల" అన్నాడు. న్యాయమే కదా! విప్పడం కుదరని చోట తీగ కడతాం. రెండు గట్టి రాతి కూసాల మధ్య, మనిషి తలకంటే ఎత్తులో జీఐ తీగ (జింకు పూత వేసిన ఇనుప తీగ) బిగించి, దానికి ఇనుప రింగు తొడిగి, రింగుకు గొలుసు తగిలించాలి. రింగు జారుతుంటే కుక్క ఆ పొడవునా తిరుగుతుంది. రెండు కొసల్లోనూ కూసానికి కాస్త ఇవతలే రింగు ఆగేలా తీగకు క్లాంపు వేయండి. లేకపోతే గొలుసు కూసానికి చుట్టుకుని మెడ బిగుస్తుంది. గోడ పక్కన మాత్రం కట్టొద్దు, దూకితే ఉరి పడుతుంది. నీడ, నీళ్ళు దానికి అందే దూరంలో ఉండాలి. నీళ్ళకు బకెట్ కంటే సిమెంటు తొట్టి మేలు, తన్నినా దొర్లదు.

మెడను కళ్ళతో చూస్తే చాలదు, కుక్క మచ్చికయ్యాక వేళ్ళతో తడమండి. పిల్లగా ఉన్నప్పుడు కట్టిన నైలాన్ తాడు అది పెరిగే కొద్దీ చర్మంలోకి దిగిపోతుంది. పైన బొచ్చు కప్పేస్తుంది కాబట్టి ముందు వాసనే తెలుస్తుంది. దాన్ని మీరు కోయకండి. దగ్గర్లోని పశువుల ఆస్పత్రికో, హెబ్బాళ వెటర్నరీ కాలేజీకో తీసుకెళ్ళండి. కొత్త బెల్టు వెడల్పుగా ఉండాలి, లోపల రెండు వేళ్ళు దూరాలి.

తిండి దగ్గర పెద్దగా గొడవ పడను. రాగిముద్ద మంచిదే, రోజూ అదొక్కటే అయితే చాలదు. వీలైనప్పుడు గుడ్డో, ఎముకలు తీసిన కోడి ముక్కలో కలపమంటాను. రాలిన ద్రాక్ష మాత్రం తిననివ్వకూడదు, కుక్కల కిడ్నీలు దెబ్బతింటాయి. బెంగళూరు బ్లూ రకం ద్రాక్ష పండించే వాళ్ళకు ఈ మాట ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు!

నాకు ఒళ్ళు మండేది గజ్జికి కాలిన ఇంజిన్ ఆయిల్ పూసినప్పుడు. కుక్క ఒళ్ళు నాకుతుంది, విషం కడుపులోకి పోతుంది. మందు బరువును బట్టి డాక్టరే ఇవ్వాలి. గొర్రెలకు తెచ్చిన ఐవర్‌మెక్టిన్ (పురుగుల మందు) మిగిలింది కదా అని అంచనాగా వేసేయకండి.

రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదలుపెట్టి ఏటా వేయించాలి. "మీ మనవడు దీంతోనే ఆడుకుంటాడు కదా తాతా" అంటే వెంటనే ఒప్పుకుంటారు. ఈ పనిలోకి దిగేవాళ్ళు తామూ ముందే టీకా వేయించుకోవాలి. ఎవరినైనా కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీటి కింద కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టనివ్వకండి.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ల విషయానికొస్తే, 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఊరకుక్కల బాధ్యత పంచాయతీది, పెంపుడు కుక్కల బాధ్యత యజమానిది. ఊరకుక్కల కోసం పంచాయతీ పీడీఓకు (పంచాయతీ అభివృద్ధి అధికారికి) కన్నడలో అర్జీ రాసిచ్చి, కాపీ మీద సీలు వేయించుకోండి. పెంపుడు కుక్క ఖర్చు యజమాని పెట్టుకోలేకపోతే మేం తలా కొంత వేసుకుంటాం. ఎన్ని గంటల ముందు నుంచి తిండి ఆపాలో డాక్టరును అడిగి, ముందురోజు ఇంట్లో అందరికీ చెప్పండి. తాతకు చెప్తే సరిపోదు. పొద్దున్నే అవ్వ ప్రేమకొద్దీ ఓ ముద్ద పెట్టేస్తుంది, మత్తు ఇవ్వలేమని డాక్టరు వెనక్కి పంపేస్తారు.