రిలీజ్ ఫైల్ దిగింది, జిప్ మాత్రం తెరుచుకోదు: డౌన్‌లోడ్, క్యాష్ తిప్పలు

గుంటూరు బ్రాడీపేటలో మాది చిన్న ఆఫీసు. మిర్చి యార్డు కమీషన్ కొట్లకు టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కలు, బిల్లింగ్ చూసే సాఫ్ట్‌వేర్ చేసిస్తుంటాం. అది నడిచేది ఎలక్ట్రాన్ మీద, అంటే వెబ్ టెక్నాలజీతో డెస్క్‌టాప్ యాప్‌లు కట్టే ఫ్రేమ్‌వర్క్ మీద. బిల్డ్ చేసినప్పుడల్లా (కోడ్ నుంచి యాప్ తయారుచేసినప్పుడల్లా) సుమారు 100 ఎంబీల ఎలక్ట్రాన్ రిలీజ్ జిప్ దించుకోవడం ఎందుకని, ఒకసారి దించి క్యాష్‌లో (మళ్లీ వాడుకోడానికి ఉంచే ఫోల్డర్‌లో) దాచుకునే స్క్రిప్ట్ ఒకటి రాసుకున్నాం. ఎలక్ట్రాన్ గెట్ అనే ప్యాకేజీ ఇదే పనిని శుభ్రంగా చేస్తుందని మాకప్పుడు తెలియదు. మీరూ మాలాగే సొంతంగా రాసుకుని ఉంటే కింది సంగతులు పనికొస్తాయి.

జిప్ తెరుచుకోదు, ఎన్నిసార్లు రన్ చేసినా అదే ఎర్రర్

ముందే నెట్‌ను తిట్టకండి. క్యాష్ ఫోల్డర్ తెరిచి ఫైల్ సైజు చూడండి. సగం రోగం అక్కడే తెలిసిపోతుంది.

సున్నా బైట్లో, ఏవో కొన్ని బైట్లో ఉంటే రీడైరెక్ట్‌ను అనుమానించండి. ఎలక్ట్రాన్ జిప్‌లు ఉండే గిట్‌హబ్ సైట్ రిలీజ్ లింక్ ఫైల్‌ను నేరుగా ఇవ్వదు, 302 (వేరే చోటికి వెళ్లు) అని చెప్పి ఇంకో సర్వర్‌కు పంపుతుంది. కర్ల్ అనే కమాండ్ వాడితే హైఫన్ పక్కన పెద్ద ఎల్ పెట్టాలి. జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లోని హెచ్‌టీటీపీఎస్ మాడ్యూల్ తనంతట తాను రీడైరెక్ట్ వెంట వెళ్లదు, అందులోనే ఉన్న ఫెచ్ అయితే వెళ్తుంది. ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే 'నాట్ ఫౌండ్' అని రెండే ముక్కలు కనిపించాయా? అది 404, అంటే ఆ లింక్‌లో ఫైల్ లేదు. వెర్షన్ అంకె ముందు ఉండాల్సిన 'వి' అక్షరం లింక్‌లో మరిచిపోయి ఉంటారు. హెచ్‌టీఎంఎల్ కనిపిస్తే మధ్యలో ఉన్న ప్రాక్సీ ఇచ్చిన ఎర్రర్ పేజీ కావచ్చు. మామూలు జిప్ అయితే 'పీకే' అన్న రెండు అక్షరాలతో మొదలవుతుంది.

100 ఎంబీలు ఉండాల్సింది 40 దగ్గర ఆగిపోతే అది మధ్యలో తెగిన ఫైల్. లోపల ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టిక జిప్ చివర్లో ఉంటుంది. అందుకే తోక తెగితే ముందు భాగం బాగున్నా తెరుచుకోదు. ఎర్రర్‌లో 'సెంట్రల్ డైరెక్టరీ' అన్న మాట ఉంటే చాలాసార్లు ఇదే కథ.

మాకు జరిగిందీ ఇదే. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయింది, రౌటర్ ఆరిపోయింది. సగం ఫైల్ అసలు పేరుతోనే క్యాష్‌లో ఉండిపోయింది. మా కోడ్ అడిగేది ఒకటే ప్రశ్న: ఫైల్ ఉందా? ఉంది కదా, అయితే అదే వాడు. నెట్ వచ్చాక కూడా సాయంత్రం దాకా ఆ చచ్చిన ఫైల్‌తోనే కుస్తీ పట్టాం.

ఆ ఫైల్ డిలీట్ చేస్తే ఇవాళ్టికి గడుస్తుంది. మళ్లీ రాకూడదంటే కోడ్‌లో పని జరిగే వరుస మార్చాలి. మొదట సర్వర్ ఇచ్చిన స్టేటస్ 200 (అంతా సరే) అవునో కాదో చూడండి. తర్వాత ఫైల్‌ను తాత్కాలిక పేరుతో రాయండి. పూర్తయ్యాక దాని ఎస్‌హెచ్‌ఏ 256 చెక్‌సమ్ (ఫైల్‌కు వేలిముద్ర లాంటిది) లెక్కగట్టి, అదే రిలీజ్‌లో ఉండే షాసమ్స్ 256 అనే టెక్స్ట్ ఫైల్‌లోని 64 అక్షరాలతో పోల్చండి. సరిపోతేనే అసలు పేరు పెట్టండి. తాత్కాలిక ఫైల్ క్యాష్ ఫోల్డర్‌లోనే ఉండాలి. సిస్టమ్ టెంప్ ఫోల్డర్ వేరే డ్రైవ్‌లో ఉంటే రీనేమ్ ఫెయిలవుతుంది. రెండు బిల్డ్‌లు ఒకేసారి నడుస్తాయనుకుంటే తాత్కాలిక పేరులో ప్రాసెస్ నంబర్ కూడా కలపండి.

ఆగిన చోటు నుంచి దించుకుందామని రేంజ్ హెడర్ పెట్టేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి. సర్వర్ 206 (అడిగిన ముక్క మాత్రమే) ఇస్తేనే పాత ముక్కకు అతికించాలి. 200 ఇచ్చిందంటే మొదటి నుంచి మొత్తం ఫైల్ పంపుతోందని అర్థం. దాన్ని అతికిస్తే 40కి 100 కలిసి 140 ఎంబీల చెత్త తయారవుతుంది.

ఇంట్లో బాగానే ఉంది, కాలేజీ ల్యాబ్‌లో 403

తాజా వెర్షన్ ఏదో గిట్‌హబ్ ఏపీఐని (ప్రోగ్రాములు సమాచారం అడిగే దారిని) అడిగే కోడ్‌కు వచ్చే జబ్బు ఇది. టోకెన్ (ఖాతా గుర్తింపు కీ) లేకుండా అడిగితే ఒక ఐపీకి గంటకు 60 రిక్వెస్టులే. ల్యాబ్‌లో అన్ని సిస్టమ్‌లూ బయటికి ఒకే ఐపీతో వెళ్తాయి. 70 మంది పిల్లలు ఒకేసారి రన్ కొడితే చివరి పదిమందికి 403 (అనుమతి లేదు) వస్తుంది, లేదా 429 (అడిగింది ఎక్కువైంది). రెస్పాన్స్ హెడర్లలో రేట్ లిమిట్ రిమైనింగ్ సున్నా అని ఉంటే అనుమానం అక్కర్లేదు.

టోకెన్ పెడితే కోటా గంటకు 5,000 అవుతుంది. టోకెన్‌తో పాటు పాత ఈట్యాగ్ (గతంలో సర్వర్ ఇచ్చిన వెర్షన్ గుర్తు) జతచేసి అడిగినప్పుడు 304 (ఏమీ మారలేదు) వస్తే అది కోటాలో లెక్కకు రాదు. అయితే నా సలహా ఇంకా తేలిక: వెర్షన్‌ను కోడ్‌లో ఖాయంగా రాసేసి, నేరుగా డౌన్‌లోడ్ లింక్‌కే వెళ్లండి. అప్పుడు ఏపీఐతో పనే ఉండదు. 'లేటెస్ట్' అన్న పేరుతో క్యాష్ చేసేవాళ్లకు ఇంకో బాధ కూడా తప్పుతుంది: కొత్త రిలీజ్ వచ్చి నెల దాటినా పాతదే చేతికొస్తుంటుంది. క్యాష్ పేరులో వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, ప్రాసెసర్ రకం మూడూ ఉండాలి.

మిర్రర్ మార్చగానే అంతా మళ్లీ దిగుతోంది

మిర్రర్ అంటే అవే ఫైళ్లు ఇచ్చే ఇంకో సర్వర్. తర్వాత మేమూ ఎలక్ట్రాన్ గెట్‌కే మారాం. దాని క్యాష్‌లో ఫోల్డర్ పేర్లు యూఆర్ఎల్ హ్యాష్ (లింక్ నుంచి లెక్కగట్టిన కోడ్) నుంచి పుడతాయి. మిర్రర్ మారితే యూఆర్ఎల్ మారుతుంది, దాంతో ఫోల్డరూ మారుతుంది. తప్పేమీ లేదు, ఒక్కసారి దిగనివ్వండి.

చెక్‌సమ్ కుదిరింది, అయినా కొట్లో యాప్ తెరుచుకోదు

ఇది డౌన్‌లోడ్ సమస్యే కాదు. ఫైల్ పేరులోని విన్32 చూసి 32 బిట్ అనుకోకండి, అది విండోస్ అని చెప్పడమే. 32 బిట్‌కు ఐఏ32, 64 బిట్‌కు ఎక్స్64 అని వేరే ముక్క ఉంటుంది. ఇంకోటి, ఎలక్ట్రాన్ 23 నుంచి విండోస్ 7, 8, 8.1 మీద నడవదు. 2023లో వచ్చిన మార్పు ఇది. పాత సిస్టమ్ మార్చనని పట్టుబట్టే కొట్టుకు 22 పెట్టొచ్చు గానీ, దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయన్న మాట ముందే చెప్పేయండి. యార్డుకు బండి తీసే ముందు మేం ఇప్పుడు ఫోన్‌లోనే అడుగుతున్నాం: "ఏ విండోస్ అండీ? ఎన్ని బిట్లు?"