కాంజుగేట్ గ్రేడియంట్ కన్వర్జ్ కాలేదు: తప్పు అంచుల్లో దొరికింది

చదరపు లోహపు పలకలో స్థిర ఉష్ణోగ్రతను లెక్కించడానికి నేను 1000×1000 గ్రిడ్ తీసుకున్నాను. ఆ 10 లక్షల సమీకరణాల మాత్రికను పూర్తిగా నిల్వ చేయాలంటే 8 టెరాబైట్లు కావాలి. అయితే వరుసకు సున్నా కాని విలువలు అయిదుకు మించవు కనుక, ఆ విలువలతోనే పనిచేస్తూ, ఒక తొలి అంచనాను మెట్టుమెట్టుగా సరిదిద్ది జవాబుకు చేర్చే కాంజుగేట్ గ్రేడియంట్ పద్ధతిని ఎంచుకున్నాను; దాన్ని గణిత శాస్త్రజ్ఞులు హెస్టెనెస్, స్టీఫెల్ 1952లో ప్రచురించారు. అంచులన్నీ సున్నా డిగ్రీల వద్ద ఉన్నంతవరకు అది చక్కగా పనిచేసింది. ఒక అంచును 100 డిగ్రీలకు మార్చగానే శేషం (ప్రస్తుత అంచనాతో సమీకరణాల రెండు వైపుల మధ్య మిగిలే తేడా) తగ్గకుండా ఊగిసలాడసాగింది.

ప్రీకండిషనర్ (సమీకరణాలను త్వరగా తేలే రూపానికి మార్చే సాధనం) లేకపోవడమే కారణమని రెండు రోజులు అనవసరంగా అనుమానించాను. చివరికి గ్రిడ్‌ను 4×4కు కుదించి దాని 16×16 మాత్రికను ముద్రించి చూస్తే, 6వ వరుస 2వ నిలువులో -1, 2వ వరుస 6వ నిలువులో 0 కనిపించాయి (2 అంచు బిందువు, 6 లోపలి బిందువు). అంచు బిందువుల వరుసలను చెరిపి వికర్ణంలో 1 ఉంచిన నేను, వాటి నిలువులను అలాగే వదిలేశాను. దాంతో ఈ పద్ధతికి తప్పనిసరి అయిన సౌష్ఠవం, అంటే వరుస, నిలువు సంఖ్యలను తారుమారు చేసినా విలువ మారకపోవడం, పోయింది. మునుపు తప్పు బయటపడకపోవడానికి కారణం, నా తొలి అంచనా అయిన సున్నా ఆ అంచు విలువలతో సరిపోయి, అక్కడి శేషం మొదటి నుంచి చివరి వరకు సున్నాగానే ఉండటం.

నిలువులను కూడా చెరిపి, వాటి గుణకాలను తెలిసిన ఉష్ణోగ్రతలతో గుణించి కుడివైపు సదిశలోంచి తీసివేశాను. శేషం దిగిరావడం మొదలైంది. ఆ తరువాత అసంపూర్ణ చోలెస్కీ (మాత్రికను సుమారుగా త్రిభుజ మాత్రికల లబ్ధంగా విడగొట్టే పద్ధతి) ప్రీకండిషనర్‌ను చేర్చితే ఆవృత్తులు సుమారు మూడో వంతుకు తగ్గాయి.