బేస్ గిటార్ కొనే ముందు చూసుకోవాల్సినవి

రంగుకి మనసు పారేసుకోకముందే ఇవి తేల్చుకోండి.

▢ మీరు వేళ్లతో మీటుతారా, పిక్ వాడతారా, స్లాప్ చేస్తారా (బొటనవేలితో తీగను కొడతారా)? ప్రెసిషన్, జాజ్ అనేవి రెండు పేరున్న మోడళ్లు. ప్రెసిషన్ తరహా బేస్‌కి ఉండేది ఒకే స్ప్లిట్ (రెండు ముక్కల) పికప్, అంటే తీగ కంపనాన్ని పట్టే అయస్కాంత భాగం. దాని శబ్దం మందంగా ఉంటుంది, రాక్‌లో గట్టిగా నిలబడుతుంది. జాజ్ తరహాకి రెండు సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌లు. స్లాప్‌కి ఆ స్పష్టత నప్పుతుంది. ఒక పికప్ తగ్గిస్తే హమ్ (గుంయ్‌మనే మోత) వస్తుంది, అది చెడిపోయినట్టు కాదు.

▢ మామూలు స్కేల్ (తీగ మోగే పొడవు) 34 అంగుళాలు. మొదటి నాలుగు ఫ్రెట్లలో (నెక్ అనే పొడవాటి మెడ మీది లోహపు అడ్డగీతల్లో) ఫ్రెట్‌కో వేలు పెడితే మణికట్టు లాగేస్తోందా? 30 అంగుళాల షార్ట్ స్కేల్ పట్టి చూడండి.

▢ పట్టీ వేసుకుని నిలబడి ఎడమ చేయి వదిలేయండి. నెక్ నేలవైపు వాలితే ఆ బరువంతా పాట పొడుగునా ఆ చేయే మోయాలి. కూర్చుని చూస్తే ఇది తెలియదు.

▢ ఇ తీగను (నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా లావుది) మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కండి. 7, 8 ఫ్రెట్ల దగ్గర తీగ కింద విజిటింగ్ కార్డు దూరేంత సందు చాలు. సందే లేకపోతే తీగ ఫ్రెట్లకు తగిలి గరగరలాడుతుంది. ట్రస్ రాడ్‌తో (నెక్ లోపలి లోహపు కడ్డీతో) సరిచేయొచ్చు. నెక్ మెలితిరిగి ఉంటే మాత్రం ఎంత చవకైనా వద్దు.

▢ జి తీగ (నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా సన్ననిది) మీద 5, 6, 7 ఫ్రెట్లు ఒక్కొక్కటీ మీటి, మోత పూర్తిగా ఆగేదాకా వినండి. ఒకటి మాత్రం ఠక్కున చచ్చిపోతే అది డెడ్ స్పాట్. తీగలు మార్చినా పెద్దగా మారదు.

▢ యాక్టివ్ బేస్ (లోపల శబ్దాన్ని సరిచేసే సర్క్యూట్ ఉన్నది) అయితే బ్యాటరీ ఉంటుంది, తరచూ 9 వోల్టులది. కేబుల్ గుచ్చి వదిలేస్తే వాయించకపోయినా అది ఖర్చవుతూనే ఉంటుంది.