కారు పెయింట్ పాలిష్ నేర్చుకుందాం – 4వ పాఠం: ఏ గీతకు ఏ ఊల్ ప్యాడ్?

పోయిన పాఠంలో బానెట్ కడిగి, క్లే బార్ (పెయింట్‌కు అంటుకున్న మురికిని లాగే మెత్తని ముద్ద) పట్టి, అంచులకు మాస్కింగ్ టేప్ వేసి, టార్చి ఏటవాలుగా కొట్టి గీతలు చూడటం దాకా వచ్చాం. ఏ ప్యానెల్ మీద ఎలాంటి గీతలున్నాయో కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం చేతిలో పెట్టుకోండి. ఈరోజు ప్యాడ్, అంటే పాలిష్ మిషన్‌కు తగిలించే ఉన్ని (ఊల్) లేదా స్పాంజి (ఫోమ్) బిళ్ల, ఎంచుకునేది దాన్ని చూసే.

మన వైపు కార్ల మీద ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. పొద్దున్నే పొడిగుడ్డతో దుమ్ము దులిపితే పడే సన్నని సాలెగూటి గీతలు మొదటివి. నల్ల కారును ఎండలో పెడితే ఇవి దూరం నుంచే తెలుస్తాయి. రెండోవి కంప గీతలు. కళ్యాణదుర్గం వైపో, ఆలూరు వైపో పొలాల దాకా తిరిగే బండిని పక్కనుంచి చూడండి. దారికి రెండువైపులా ఉన్న తుమ్మ కంప ఒరుసుకుని, ముందు ఫెండర్ నుంచి వెనక డోరు దాకా పొడుగ్గా గీసుకుపోయి ఉంటుంది. ఆ గీత మీద గోరు అడ్డంగా నడపండి. గోరు తగులుకోకుండా జారిపోతే ఊల్ ప్యాడ్‌కు లొంగే అవకాశం ఉంది. తగులుకుంటే అది పాలిష్‌తో పోయేది కాదు, గీతలో రంగు నింపే టచప్ పని. దాన్ని పూర్తిగా తీయాలని పంతం పడితే చుట్టూ ఉన్న మంచి పెయింట్ పోతుంది.

ఎందుకంత భయమంటే, కంపెనీ నుంచి వచ్చిన కారుకు అడుగున ప్రైమరు, దాని మీద రంగు, పైన రంగులేని క్లియర్ కోట్ అన్నీ కలిపినా మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లే. అందులో పైనుండే క్లియర్ కోట్ సుమారు 40, 50 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. మనం పాలిష్ చేసేది ఆ పైపొరనే. ప్రతిసారీ అందులోంచి కొంత తీస్తాం, తీసింది మళ్లీ రాదు. తాడిపత్రిలో బండలకు పాలిష్ పట్టేవాళ్లు ముతక రాయితో మొదలుపెట్టి సన్నరాయికి వస్తారు. బండ అంగుళం మందం ఉంటుంది కాబట్టి వాళ్లకు సరిపోతుంది. కారు దగ్గర ప్యాడ్ వెతకడం మెత్తని వైపు నుంచే మొదలుకావాలి. మెత్తనిది చాలలేదని కళ్లతో చూశాకే ముతకదాన్ని ముట్టాలి.

ఊల్ ప్యాడ్ ఫోమ్ కన్నా ఎందుకు ఎక్కువ కోస్తుంది? ఫోమ్ పెయింట్ మీద పరుచుకుని రుద్దుతుంది. ఊల్ ప్యాడ్‌లో కాంపౌండ్‌తో (గీతల్ని అరగదీసే పేస్టుతో) పాటు ఒక్కో పోగు కూడా గీకుతుంది. పోగుల మధ్య గాలి ఆడుతుంది కాబట్టి ఫోమ్ అంత త్వరగా వేడెక్కదు. కర్నూలు, కడప ఎండల్లో ఈ గుణం చాలా విలువైంది. అయినా నీడ లేకుండా పని మొదలుపెట్టొద్దు. ప్యానెల్ మీద అరచెయ్యి ఆన్చి ఉంచలేకపోతే ఏ ప్యాడూ పనికిరాదు, కాంపౌండ్ మెషిన్ కింద నలగకముందే ఎండిపోతుంది. ఊల్‌కు ఉన్న లోటు, గీత తీసిన చోట తన మసకను వదిలిపోవడం. రోటరీ మిషన్‌తో (ప్యాడ్‌ను గుండ్రంగా మాత్రమే తిప్పేది) చేస్తే ఎండలో సుడులు సుడులుగా మెరిసే గుర్తులు మిగులుతాయి. అందుకే ఊల్ తర్వాత ఫోమ్ ప్యాడ్‌తో ఫినిషింగ్ తప్పదు. కాగితం మీద మీరు రాసుకున్నవి సాలెగూటి గీతలు మాత్రమే అయితే, ముందు ఫోమ్‌తోనే ప్రయత్నించండి. చాలా కార్లకు అక్కడితో పని అయిపోతుంది. చూపించిన ప్రతి కారుకూ బొచ్చు ప్యాడ్ ఎక్కించే అలవాటు నాకు అస్సలు నచ్చదు.

కంప గీతలుండి ఊల్ కావాల్సి వస్తే షాపుకు వెళ్లండి. కవరు మీద రాసింది తర్వాత చదవొచ్చు, ముందు ప్యాడ్‌ను చేతిలోకి తీసుకోండి. బొటనవేలితో బొచ్చును పక్కకు విడదీసి మొదలు దాకా చూడండి. పోగులు సన్నని దారాల్లా మెలితిరిగి, కొసలు విడివిడిగా నిలబడి, వేలికి కాస్త గరుగ్గా తగిలితే అది మెలిపెట్టిన ఊల్. బాగా కోస్తుంది. మెలి లేకుండా పోగులు దూదిలా కలిసిపోయి, వేలు మెత్తగా లోపలికి దిగిపోతే అది ల్యాంబ్స్ ఊల్ రకం. తక్కువ కోస్తుంది, తక్కువ మసక వదులుతుంది. పోగు సన్నదనం కూడా లెక్కలోకి వస్తుంది. మెరినో జాతి గొర్రె ఉన్ని పోగు మందం సుమారు 17 నుంచి 24 మైక్రాన్లు. మన కురుబలు కంబళ్లు నేసే గొర్రె ఉన్ని అంతకన్నా ముతక. రెంటినీ చెంపకు ఆనించుకుంటే తేడా మీకే తెలుస్తుంది, పెయింట్‌కూ అలాగే తెలుస్తుంది. కొన్ని ప్యాడ్‌లలో ఉన్నితో అక్రిలిక్ లాంటి సింథటిక్ పోగు కలుపుతారు. అలా కలిపినవి తక్కువ రాలతాయి, రకాన్ని బట్టి కాస్త బిరుసుగా ఉంటాయి.

మొదటిసారి కొనేవారికి నా సలహా: మెత్తని ఊల్ ఒకటి, మెలిపెట్టినది ఒకటి. మెత్తనిదే ఎక్కువ రోజులు మీ మిషన్ మీద ఉంటుంది.

బొచ్చు పొడుగు చూడండి. అంగుళం, అంతకు మించి ఉన్నవి రోటరీకి. ప్యాడ్‌ను తిప్పుతూనే అటూఇటూ ఊపే డ్యుయల్ యాక్షన్ మిషన్‌కు పొట్టి బొచ్చు కావాలి. పొడుగు బొచ్చు వేస్తే మిషన్ ఊపు పోగుల్లోనే పోతుంది, గీత అలాగే ఉంటుంది. తిరగేసి వెనక చూడండి. వెల్క్రో సరిగ్గా మధ్యలో అతికి ఉండాలి, పక్కకు జరిగితే మిషన్ వణుకుతుంది. మీ బ్యాకింగ్ ప్లేట్ (ప్యాడ్ అతికే మిషన్ పళ్లెం) కన్నా ప్యాడ్ అన్నివైపులా కాస్త పెద్దదై ఉండాలి. లేకపోతే ప్లేట్ అంచు పెయింట్‌కు తగులుతుంది. తాడు బిగించి కట్టే బొచ్చు కవర్లు చవగ్గా దొరుకుతాయి. నేర్చుకునేవాళ్లు వాటి జోలికి పోకండి. తిరిగేటప్పుడు కవరు పక్కకు జరిగి, ముడి పెయింట్‌ను కొట్టొచ్చు.

కొత్త ప్యాడ్‌ను అలాగే బండి మీద పెట్టొద్దు. మిషన్‌కు తగిలించి, బండికి దూరంగా తిప్పుతూ నైలాన్ బ్రష్ ఆన్చండి, ఊడేదంతా ఊడిపోతుంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే పోగులు తెగుతాయి. కాంపౌండ్ మూడు నాలుగు బొట్లు చాలు, వేలితో బొచ్చంతా పులమండి.

ఇప్పుడు అభ్యాసం. స్క్రాప్ షాపులో పాత బానెట్ ఒకటి తెచ్చుకోండి. టేప్‌తో రెండడుగుల గడులు రెండు వేయండి. ఒక గడిలో మెత్తని ఊల్, రెండో దాంట్లో మెలిపెట్టినది, కాంపౌండ్ మాత్రం ఒకటే. రోటరీ అయితే 600 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర కాంపౌండ్ పరిచి, 1200 దాకా పెంచండి. అడ్డంగా, నిలువుగా, వరస మీద వరస సగం ఎక్కేలా, ప్యాడ్‌ను వంచకుండా నడపండి. తర్వాత నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. కాంపౌండ్‌లోని నూనె గీతల్ని కప్పి మోసం చేస్తుంది, అది పోతే నిజం బయటపడుతుంది. టార్చి వేసి రెండు గడుల్లో ఎన్ని గీతలు పోయాయో, ఎంత మసక వచ్చిందో పక్కపక్కన రాసుకోండి.

ప్యాడ్‌కు బండి రంగు అంటుకుందేమో కూడా చూడండి. పాత జీపులు, లారీలలాంటి క్లియర్ కోట్ లేని పెయింట్ అయితే అంటుకోవడం మామూలే. క్లియర్ కోట్ ఉన్న బండి మీద రంగు కనబడిందంటే పైపొర దాటిపోయారు, అక్కడికక్కడే ఆపేయాలి.

పని అయ్యాక గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా సబ్బు వేసి కడిగి, నీడలో ఆరేయండి. కింద పడిన ప్యాడ్‌ను కడగకుండా మళ్లీ వాడొద్దు, ఒక్క ఇసుక రేణువు చాలు డోరంతా గీయడానికి.

వచ్చే పాఠంలో ఈ రెండు గడుల్లో మిగిలిన మసకను ఫోమ్‌తో తీద్దాం. బానెట్‌ను కడిగేయకుండా, గుడ్డ కప్పి అలాగే ఉంచండి.